వెలుగుకు అడ్డురాని పొర

ఉపాధ్యాయుడు తన తప్పును తానే అచ్చు వేయించుకొనడం మన కళాశాల పత్రికలో పరిపాటి కాదు. ఈ పుటలలో మేము విద్యార్థులకు హితవు చెప్పడం, వారు దానిని గౌరవంతో చదివి పుట త్రిప్పడం ఏటేటా జరిగే పని. ఈసారి హితవు పొందినవాడను నేను. చెప్పినది ఇక్కడ చదువుతున్న ఒక విద్యార్థిని. తన పేరు వ్రాయవద్దని ఆమె కోరింది కాబట్టి వ్రాయడం లేదు.

గత సంవత్సరపు సంచిక కొరకు తెలుగు విభాగానికి వచ్చిన రచనలను పరిశీలించే బాధ్యతను కార్యవర్గం నాకు అప్పగించింది. కవితలు, కథలు, వరకట్నంపై వ్యాసాలు, కాలం విలువపై వ్యాసాలు యథాప్రకారం వచ్చాయి. వాటి నడుమ బి.ఎస్సీ. రెండవ సంవత్సరం విద్యార్థిని వ్రాసిన ఎనిమిది పుటల వ్యాసం ఒకటి కనబడింది. దాని పేరు 'పారదర్శక దీపాలు'. ఇంట ఉర్దూ, బడిలో తెలుగు, తరగతి పుస్తకాలలో ఇంగ్లీషు చదువుకొన్న అమ్మాయి ఆమె. వాక్యాలు అక్కడక్కడ తడబడినా, విషయం మీద ఆమెకు గల మక్కువ ప్రతి పంక్తిలోను తెలుస్తున్నది. గాజు పలక మీద కర్బన పదార్థాలను పొర మీద పొరగా పేర్చి చేసే దీపాలను గూర్చి ఆమె వ్రాసింది. విద్యుత్తు పంపితే అవి వెలుగుతాయి. పంపనప్పుడు కిటికీ అద్దం వలె ఆవలి దృశ్యాన్ని చూపుతాయి.

నాలుగవ పుటలో ఒక వాక్యం నన్ను ఆపింది. 'మెగ్నీషియం, వెండి కలిపిన లోహపు పొర గుండా వెలుగు బయటికి వస్తుంది' అని ఆ వాక్యం. నేను రాష్ట్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. చదివినవాడను. భౌతికశాస్త్రంతో నా పరిచయం పదవ తరగతితోనే ముగిసింది. అయినా లోహం వెలుగును ఆపుతుందని తెలియడానికి శాస్త్రం అక్కరలేదనుకొన్నాను. ఇనుప తలుపు మూస్తే గది చీకటి కాదా? ఎర్ర సిరాతో ఆ వాక్యాన్ని కొట్టివేశాను. ప్రక్కన 'లోహం గుండా వెలుగు ఎట్లు వచ్చును? పరిశీలించి వ్రాయవలెను' అని వ్రాసి తిరిగి ఇచ్చాను. ఆమె ఆ ఎర్ర గీతను కొంతసేపు చూసి "సరే సార్" అన్నది. మరల ఆ వ్యాసాన్ని తీసుకొని రాలేదు. నేనూ అడుగలేదు. సంచిక అచ్చయింది. అందులో ఆ ఎనిమిది పుటలు లేవు.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంత చెప్పుకోవాలి. మా తండ్రిగారిని మేము అబ్బా అని పిలుస్తాము. వారు చార్మినారు సమీపాన ఒక గల్లీలోని కార్ఖానాలో ముప్పది ఏళ్ళకు పైగా వరఖు కొట్టారు. మిఠాయి మీద, పాన్ మీద, హకీములిచ్చే లేహ్యాల మీద మెరిసే వెండి రేకు అదే. చిన్న చిన్న వెండి ముక్కలను తోలు పుస్తకపు ఆకుల మధ్య ఉంచి, ఆ పుస్తకాన్ని రాతి మీద పెట్టి, బరువైన సుత్తితో గంటల తరబడి ఒకే లయలో కొడతారు. ముక్క రేకవుతుంది, రేకు పొర అవుతుంది. ఆ గదిలో ఎండాకాలమైనా పంకా తిరుగదు. తిరిగితే పగలంతా కొట్టినది గాలికి ఎగిరిపోతుంది. సాయంత్రం అబ్బా ఒక్కొక్క వరఖును దీపానికి ఎదురుగా పట్టి చూసేవారు. సూదిమొన అంత చిల్లి ఉన్నా చుక్కవలె వెలుగు కనబడేది. అట్టి దానిని ప్రక్కకు తీసి మరల కరిగించే వెండిలో కలిపేవారు.

నేను నల్లగొండ జిల్లాలో మా అమ్మీ పుట్టినూరిలో ఉండి తెలుగు బడిలో చదువుకొన్నాను. సెలవులకు మాత్రమే కార్ఖానాకు వెళ్ళేవాడను. కళాశాలలో చేరిన నాటి నుండి దరఖాస్తులలో 'తండ్రి వృత్తి' అన్న చోట 'వ్యాపారం' అని వ్రాయడం నాకు అలవాటైంది. ఎవరూ అబద్ధమనలేదు. అయినా అది నిజం కాదని నాకు తెలుసు.

సంచిక విడుదలైన కొద్ది వారాలకు రంజాన్ పండుగ వచ్చింది. అబ్బా ఇప్పుడు పని మానుకొన్నారు. సుత్తి చప్పుడు వారి వినికిడిని చాలవరకు తీసుకొనిపోయింది. ఏది చెప్పినా చెవి దగ్గర గట్టిగా చెప్పాలి. అమ్మీ మిఠాయి మీద వరఖు పరుస్తూ ఉండగా, ఏదో జ్ఞాపకం వచ్చి, కొంత వేడుకగా, "అబ్బా, లోహం గుండా వెలుగు వస్తుందని మా కళాశాలలో ఒక పిల్ల వ్రాసింది" అని చెప్పాను. అబ్బా నవ్వలేదు. లేచి వెళ్ళి, తమ పాత పెట్టెలో దాచుకొన్న బంగారు వరఖు పొట్లం తెచ్చారు. ఒక రేకును కాగితంతో సహా జాగ్రత్తగా ఎత్తి, కాగితాన్ని కొంచెం జరిపి, కిటికీ ఎండకు ఎదురుగా పట్టారు. రేకు పసుపుగా మెరుస్తున్నది. కాని దాని గుండా వచ్చిన వెలుగు లేత ఆకుపచ్చగా ఉన్నది. చిల్లుల నుండి వచ్చిన తెల్లని చుక్కలు కావు, రేకు అంతటా నిండిన ఆకుపచ్చ. "చిన్నప్పుడు నీకు చూపించాను కదా బేటా, మరచిపోయావా? బంగారమైనా సరే, బాగా సన్నబడితే వెలుగుకు దారి ఇస్తుంది" అన్నారు.

నిజమే, చూపించారు. ఏడెనిమిదేళ్ళ వయసులో ఆ పచ్చని వెలుగును చూసి నేను చప్పట్లు కొట్టిన సంగతి అప్పుడు గుర్తుకు వచ్చింది. నేను కన్నులారా చూసిన సత్యాన్నే నేను ఎర్ర సిరాతో కొట్టివేశాను. వృత్తిని దాచిన అలవాటు, ఆ వృత్తి నేర్పిన దానిని కూడ దాచివేసింది కాబోలు.

సెలవుల అనంతరం ఆ విద్యార్థినిని పిలిచి, "అమ్మా, నాది పొరపాటు. నీ వాక్యం సరియైనదే. ఆ వ్యాసం ఇయ్యి, వచ్చే సంచికలో వేద్దాము" అన్నాను. ఆమె తల వంచుకొని, "అది అప్పుడే చించివేశాను సార్" అన్నది. నాకు మాట రాలేదు. మరల వ్రాయుమని అడిగే ముఖం కూడ నాకు లేదు. కొంతసేపటికి ఆమెయే, "మీరు వ్రాయండి సార్. తప్పులుంటే నేను కొట్టివేస్తాను" అన్నది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఎంత, ఆదరం ఎంత అని నేను విచారించలేదు. ఒప్పుకొన్నాను. ఆమె వద్దను, భౌతికశాస్త్ర ఉపన్యాసకులైన మా మిత్రుని వద్దను కొన్ని నెలలు విద్యార్థిగా కూర్చున్నాను. నాకు అర్థమైనంతవరకు ఇక్కడ చెబుతాను.

మొదట బంగారు రేకు సంగతి. 1857లో లండనులో మైకేల్ ఫారడే ఈ విషయాన్నే పరిశోధించి రాయల్ సొసైటీకి నివేదించాడు. ఫారడే కమ్మరి కుమారుడు, పుస్తకాలకు అట్టలు కట్టే దుకాణంలో పని నేర్చినవాడు. ఆయన బంగారు రేకును సయనైడు ద్రావణం మీద తేల్చి ఇంకా పలుచన చేసి, వెలుగు దాని గుండా ఎట్లు వెళుతుందో పరిశీలించాడు. లోహంలో వెలుగు చొరబడిన కొద్దీ వేగంగా క్షీణిస్తుంది. రేకు మందంగా ఉంటే ఆవలికి ఏమీ మిగలదు. తగినంత పలుచన అయితే కొంత మిగిలి బయటికి వస్తుంది. ఇనుప తలుపును నేను చూశాను గాని, తలుపు మందాన్ని లెక్కలోకి తీసుకొనలేదు.

ఇక దీపాల సంగతి. 1963లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ పోప్, ఆయన సహచరులు ఆంత్రసీన్ అనే కర్బన పదార్థపు స్ఫటికంలోనికి విద్యుత్తు పంపి వెలుగును చూశారు. స్ఫటికం మందమైనది కావడం వల్ల దానికి వందల వోల్టులు కావలసివచ్చింది. ఇంటికి పనికివచ్చే దీపం కాదది. 1987లో అమెరికాలోని రోచెస్టర్ నగరంలో, ఈస్ట్‌మన్ కోడాక్ సంస్థలో పనిచేస్తున్న చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ అనే ఇద్దరు దీనికి మార్గం కనుగొన్నారు. హాంకాంగులో పుట్టిన టాంగ్ అంతకు ముందే రెండు కర్బన పొరలతో సూర్యరశ్మిని విద్యుత్తుగా మార్చే ఘటాన్ని చేసి 1986లో ప్రకటించి ఉన్నారు. వెలుగు నుండి విద్యుత్తు తీసిన ఆ రెండు పొరల ఉపాయాన్నే విద్యుత్తు నుండి వెలుగు తీయడానికి వాడుకొన్నారు.

వారి దీపం అడుగున గాజు, దాని మీద ఇండియం టిన్ ఆక్సైడు పూత ఉంటాయి. ఆ పూత విద్యుత్తును పోనిస్తుంది, వెలుగునూ పోనిస్తుంది. దాని మీద 75 నానోమీటర్ల మందం గల ఒక కర్బన పొర, ఆ పైన 60 నానోమీటర్ల మరొక పొర, అన్నిటి మీద లోహం. మొదటి పొర ధనావేశాన్ని సులభంగా నడిపిస్తుంది. రెండవది ఎలక్ట్రానులను నడిపిస్తుంది. రెండూ పొరల సరిహద్దు వద్ద కలుసుకొన్నప్పుడు మిగిలిన శక్తి ఆకుపచ్చని వెలుగై వస్తుంది. ఒకే పొర ఉంటే ఏదో ఒక పక్షం రెండవ దానిని కలువకుండానే ఆవలి ఒడ్డుకు చేరిపోతుంది. ఎదురువచ్చే ఇరువైపుల పెళ్ళివారు దారి తప్పక వాకిటనే కలుసుకొనే ఏర్పాటు వంటిది ఈ రెండు పొరల అమరిక. రెండు పొరలూ కలిసి 135 నానోమీటర్లు, అనగా తలవెంట్రుక మందంలో సుమారు అయిదు వందల వంతు. పది వోల్టులలోపే అది ప్రకాశవంతంగా వెలిగింది.

పై లోహంలో పది పాళ్ళు మెగ్నీషియం, ఒక పాలు వెండి. మెగ్నీషియం ఎలక్ట్రానులను ధారాళంగా ఇస్తుంది. కాని కర్బన పొర మీద ఒంటరిగా సరిగా అంటుకొనదు, గాలి తగిలితే చెడుతుంది. వెండి దానికి పట్టు ఇస్తుంది. అయితే ఆ లోహం మందంగా, అద్దం వెనుక కళాయి వలె ఉండేది. వెలుగు గాజు వైపు నుండి మాత్రమే వచ్చేది.

1996లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ ఫారెస్ట్, వ్లాదిమిర్ బులోవిచ్ మొదలైనవారు, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ థాంప్సన్ తోడ్పాటుతో, ఈ లోహపు పొరను 10 నానోమీటర్లకు తగ్గించారు. దాని మీద 40 నానోమీటర్ల ఇండియం టిన్ ఆక్సైడు పూశారు. దీపం ఆరి ఉన్నప్పుడు నూటికి సుమారు 70 పాళ్ళ వెలుగు దాని గుండా వెళ్ళింది. వెలిగినప్పుడు ఇరువైపులకూ కాంతి వచ్చింది. మా విద్యార్థిని నాలుగవ పుటలో వ్రాసినది ఈ పొరను గూర్చియే.

లోహమే వద్దనుకొని పారదర్శకమైన ఆక్సైడునే నేరుగా పూయరాదా అని నేను అడిగాను. ఆ ఆక్సైడును పూసేటప్పుడు ఆర్గాన్ అయానులతో దాని దిమ్మెను కొట్టి అణువులను ఎగురగొడతారట. అవి వేగంగా వచ్చి పడి క్రింది మెత్తని కర్బన పొరను గాయపరుస్తాయి. ఆ దెబ్బను లోహపు పొర తాను కాచుకొంటుంది. ఎలక్ట్రానులను లోపలికి పంపేదీ అదే. కాబట్టి అది వెలుగుకు దారి ఇచ్చేంత పలుచగా ఉండాలి, దెబ్బ ఓర్చుకొనేంత గట్టిగానూ ఉండాలి. 1998లో అదే బృందం లోహాన్ని మాని, రాగి థాలోసయనిన్ అనే పదార్థపు పలుచని పొరను కవచంగా ఉంచి పారదర్శకతను సుమారు 85 శాతానికి పెంచింది. అచ్చుయంత్రాల నీలి సిరాలో వాడే రంగు కూడ ఈ పదార్థమే.

పారదర్శకత వేడుక కొరకు కాదు. 1997లో ఆ శాస్త్రజ్ఞులు ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలను ప్రక్కప్రక్కన కాక ఒకదానిపై ఒకటిగా, మూడంతస్తుల ఇంటి వలె నిలిపారు. ఏ అంతస్తుకు ఆ అంతస్తుకు వేరుగా విద్యుత్తు పంపి కోరిన రంగును రప్పించారు. నడుమ ఉన్న పొరలు వెలుగును పోనీయకపోతే ఒక అంతస్తు దీపం మరొక అంతస్తులోనే ఆగిపోతుంది. మూడు దీపాలకు ఒక్క దీపం చోటు చాలుతుంది. ఒకే విద్యుత్ ప్రవాహంతో రెండు అంతస్తులు వెలిగే తెరలు 2024లో బల్లఫోను వంటి పలక కంప్యూటర్లలోకి వచ్చాయి. ఆవలి గోడ కనిపించే టెలివిజన్‌ను కూడ ఎల్.జి. సంస్థ ఆ సంవత్సరమే లాస్ వేగాస్ ప్రదర్శనలో చూపింది.

చదివినది చాలదని, మా మిత్రుడు నన్నూ, ఆ విద్యార్థినినీ, మరి కొందరినీ నగరంలోని ఒక ప్రయోగశాలకు తీసుకొని వెళ్ళాడు. అక్కడి పరిశోధకులు గాజు పలకను సబ్బు నీటితో, శుద్ధజలంతో, అసిటోనుతో, ఆల్కహాలుతో వరుసగా కడగడమే ఒక పూట పని. ఒక మైక్రాను ధూళి కణం పడితే అది రెండు కర్బన పొరలూ కలిసిన మందానికి ఏడు రెట్లు ఎత్తు అవుతుంది. పైనున్న పొర అక్కడ తెగిపోతుంది. తరువాత పలకను ఉక్కు గదిలో బోర్లించి, లోపలి గాలిని తోడివేస్తారు. వాతావరణ పీడనంలో సుమారు డెబ్బది అయిదు కోట్లవ వంతుకు దిగేవరకు వేచి ఉండాలి. అప్పుడు క్రింద చిన్న లోహపు దొన్నెలో ఉన్న పొడిని వేడి చేస్తే అది ఆవిరై పైకి వెళ్ళి పలకకు అంటుతుంది. సెకనుకు నానోమీటరులో ఒకటి రెండు దశాంశాల చొప్పున పొర పెరుగుతుంది. ప్రక్కన కంపించే ఒక స్ఫటికపు బిళ్ళ మీద కూడ అదే పొర పడుతుంది. ఆ బరువుకు కంపన వేగం తగ్గడాన్ని బట్టి మందం తెలుస్తుంది. తొందర పెడితే పొర చెడుతుందని అక్కడి పరిశోధకుడు అన్నాడు. నాకు పంకా లేని గది గుర్తుకు వచ్చింది.

చివరి లోహపు పొరలో సూదిమొన అంత చిల్లి ఉన్నా దాని గుండా గాలిలోని తేమ చొరబడుతుందట. వెలుగులో నల్లని మచ్చ ఏర్పడి రోజురోజుకు పెరుగుతుందట. అందుకని గాలి తగులకుండానే పైన మరొక గాజు పలకతో మూసివేస్తారు. అట్లు మూసిన ఒక పారదర్శక దీపాన్ని మాకు చూపించారు. వెలిగించక ముందు దాని గుండా నా అరచేతి గీతలు కనబడ్డాయి. మీట నొక్కగానే గోరంత ఆకుపచ్చ వెలుగు వచ్చింది. నేను ఈవలి వైపు నుండి చూస్తున్నాను, ఆ విద్యార్థిని ఆవలి వైపు నుండి చూస్తున్నది. ఇద్దరికీ వెలుగు వచ్చింది. ఆమె ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. అంతటితో మా లెక్క తీరిందని నేను అనుకొన్నాను.

తీరలేదు. ఈ వ్యాసపు చిత్తుప్రతిని ఆమెకు ఇచ్చాను. మూడు రోజుల తరువాత తిరిగి ఇచ్చింది. 'మా అబ్బా కొట్టిన వెండి వరఖే ఈ దీపంలోని వెండి పొర' అని నేను ఎంతో మురిసి వ్రాసుకొన్న వాక్యం మీద ఎర్ర గీత ఉన్నది. ప్రక్కన ఆమె చేతివ్రాతలో ఇట్లు ఉన్నది: 'వరఖు దీని కంటె ఎన్నో రెట్లు మందము. వెండి వరఖు గుండా చిల్లుల నుండి తప్ప వెలుగు రాదు. పరిశీలించి వ్రాయవలెను.' ఆమె చెప్పినది నిజం. అబ్బాను అడిగితే వారూ అదే చెప్పారు. ఆ వాక్యాన్ని తీసివేశాను. రెండు పనులకూ ఉమ్మడిగా ఉన్నది ఓర్పు, శుభ్రత, చిల్లిని గూర్చిన భయం మాత్రమే. అంతకు మించి చెప్పడం కవిత్వమవుతుంది.

శీర్షిక మీద కూడ ఆమెకు ఆక్షేపణ ఉన్నది. నూటికి ముప్పది పాళ్ళు అడ్డు వస్తున్నప్పుడు 'అడ్డురాని పొర' అనడం సరికాదన్నది. శీర్షికను మాత్రం ఉండనిమ్మని బతిమాలుకొన్నాను. ఉపాధ్యాయులమైన మేము కూడ ఎంత ప్రయత్నించినా కొంత అడ్డు వస్తూనే ఉంటాము. ఎంత తక్కువ అడ్డు వస్తే అంత మేలు.

కార్యవర్గ సభ్యులకు ఒక మనవి. ఇక మీదట తెలుగు విభాగానికిగాని, ఉర్దూ విభాగానికిగాని శాస్త్ర విషయంపై రచన వస్తే, దానిని భాషోపాధ్యాయుడు ఒక్కడే చూసి త్రిప్పి పంపకుండా, ఆ శాస్త్రం బోధించేవారి చేత కూడ చదివించే ఏర్పాటు చేయవలసినదిగా కోరుతున్నాను. విద్యార్థులకు మనవి ఏమనగా, మీ వాక్యం సత్యమైనప్పుడు మా ఎర్ర సిరాకు జంకి కాగితం చించివేయకండి. మరల తీసుకొని రండి, మాతో వాదించండి.

ఈ నెల కళాశాల కార్యాలయంవారు సిబ్బంది వివరాల పత్రం ఇచ్చారు. అందులో తండ్రి వృత్తి అన్న చోట 'వరఖు కొట్టేవారు' అని వ్రాశాను. అబ్బాకు తెలుగు చదవడం రాదు. ఈ వ్యాసం అచ్చయిన తరువాత చెవి దగ్గర కూర్చుని గట్టిగా చదివి వినిపించాలి.